ఊరికే వస్తే విలువ ఉండదా, వదినగారూ?

మొన్న ఆదివారం మా వీధి వాళ్ళందరం కార్తీక వనభోజనాలకి వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద దీపాలు పెట్టుకుని, పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు అన్నీ అయ్యాక ఆడవాళ్ళం ఒక చాప మీద చేరాం. ఇంకేముంది, పిల్లల కబుర్లు. మా ఎదురింటి వదినగారి అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. (చుట్టరికం ఏమీ లేదు. పాతికేళ్ళుగా ఎదురింట్లో ఉన్నారు కాబట్టి వదినగారు.) "ఫీజే లేదండీ అక్కడ! సెమిస్టర్‌కి ఏదో రెండు మూడు వందల యూరోలు కట్టించుకుంటారుట, అందులోనే బస్సు పాసు కూడానట!" అని ఆవిడ మురిసిపోతూ చెప్పారు. మేమూ మురిసిపోయాం. బంగారం లాంటి పిల్లాడు, నా చేతి గోంగూర పచ్చడి తిని పెరిగాడు.

పది నిమిషాలు గడిచాయో లేదో, మాట మా పాలావిడ కూతురి మీదకి మళ్ళింది. ఆ పిల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్ చదివింది. అదే వదినగారు, అదే నోటితో, "మన పన్నుల డబ్బంతా ఇలా ధారపోస్తున్నారు. ఊరికే వస్తే విలువేముంటుందండీ, చదువుకి?" అన్నారు. నలుగురూ తలలు ఊపారు.

నేను మాట్లాడలేదు. పండగపూట గొడవెందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ మాటే చెవిలో తిరిగింది. అక్కడ మాట్లాడలేనిది ఇక్కడ రాసేస్తున్నాను. వదినగారు ఇది చదివితే చదవనీండి.

ముందు ఒక చిన్న సంగతి. ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు కదా. ఆ ప్రొఫెసర్లు జీతాలు తీసుకుంటారు, ల్యాబుల్లో యంత్రాలు కొంటారు, చలికాలం గదులు వెచ్చబెడతారు. ఎవరో కడుతున్నారు. ఎవరు? అక్కడ ట్రామ్ నడిపే ఆయన, ఆసుపత్రిలో నర్సు, కొట్లో బిల్లు వేసే అమ్మాయి. అన్నం పొట్లం కొన్నా, సబ్బుబిళ్ళ కొన్నా వాళ్ళు పన్ను కడతారు. తిండి సామాన్ల మీద 7 శాతం, మిగతా చాలావాటి మీద 19 శాతం. ఆ డబ్బుల్లోంచి మా వదినగారబ్బాయి చదువుతున్నాడు. మన వీధి చివర పాలావిడ కూతురు మన పన్నుతో చదివితే ధారపోయడం, మన పిల్లాడు ఎవరో ఊరూ పేరూ తెలియని జర్మన్ నర్సు పన్నుతో చదివితే ప్రతిభా?

జర్మనీలో ఉన్నత విద్యకి అయ్యే మొత్తం ఖర్చులో ఐదింట నాలుగు వంతులు ప్రభుత్వానిదే. ఒక్కో విద్యార్థి మీద, పరిశోధన ఖర్చుతో కలిపి, ఏడాదికి సుమారు 20,000 డాలర్లు. అక్కడా మనలాగే విశ్వవిద్యాలయాల బాధ్యత ఎక్కువగా రాష్ట్రాలదే. దేశం మొత్తం జనాభా 8.3 కోట్ల పైచిలుకు. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8.46 కోట్లు. అంటే మన రెండు రాష్ట్రాలంత దేశం అన్నమాట, మనిషికి మనిషి సరిపోతుంది. డబ్బుకి డబ్బు సరిపోదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

వాళ్ళకీ ఇది ఊరికే రాలేదు. 2005లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం ఫీజులు పెట్టుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాల ఇష్టం అని తీర్పు చెప్పింది. వెంటనే కొన్ని రాష్ట్రాలు సెమిస్టర్‌కి 500 యూరోలు పెట్టాయి. మన లెక్కలో అదేమంత ఫీజు? ఎల్కేజీకి అంతకంటే ఎక్కువ కట్టేవాళ్ళం ఉన్నాం. కానీ వాళ్ళు ఊరుకోలేదు. బవేరియాలో 2013 జనవరిలో రెండు వారాల గడువులో పదమూడు లక్షల మందికి పైగా మునిసిపల్ ఆఫీసులకి స్వయంగా వెళ్ళి, ఫీజు వద్దని సంతకాలు చేశారు. ఆ ఏడే అక్కడి శాసనసభ ఫీజు ఎత్తేసింది. 2014కల్లా చివరి రాష్ట్రం కూడా తీసేసింది. సంతకం పెట్టినవాళ్ళందరికీ కాలేజీ పిల్లలు ఉండి ఉంటారా? తాతలూ బామ్మలూ కూడా వెళ్ళే ఉంటారు, ఆ చలిలో.

మనం ఎప్పుడైనా ఫీజు గురించి అలా వెళ్ళామా? పక్కింటివాళ్ళకి మాఫీ అయితే ఏడవడానికి తప్ప?

ఇప్పుడు మన లెక్క. మావారి దగ్గర కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నాను. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. అందులో ఉన్నత విద్యాశాఖకి 50,078 కోట్లు. సున్నాలు చూసి కంగారు పడకండి. వంద రూపాయల సంసారంలో ఒక్క రూపాయి. దేశంలో కాలేజీ చదువులు చదివే పిల్లలు, 2021-22 ప్రభుత్వ సర్వే ప్రకారం, 4.33 కోట్లు. అందులో ఆడపిల్లలు 2.07 కోట్లు. భాగిస్తే పిల్లకి ఏడాదికి పదకొండున్నర వేలు. నెలకి వెయ్యి కూడా లేదు. పాల బిల్లుకి చాలదు.

రాష్ట్రాలు కూడా ఖర్చు పెడతాయి, నిజానికి కేంద్రం కంటే అవే ఎక్కువ పెడతాయి, కాబట్టి ఈ వెయ్యే మొత్తం అనుకోకండి. కానీ కేంద్రం ఇచ్చేదైనా అందరికీ సమానంగా పంచరు కదా. ఐఐటీలకీ, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకీ పోతుంది పెద్దవాటా. అక్కడ చదివే పిల్లలు ఎంతమంది? ఆ ఐఐటీల్లో కూడా 2016లో ఏడాది ట్యూషన్ ఫీజు 90,000 నుంచి ఒక్కసారిగా 2 లక్షలు చేశారు. (పేద పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి మినహాయింపులు ఉన్నాయి, ఆ మేరకు మంచిదే.) 2017లో హెఫా అని ఒక సంస్థ పెట్టి, విద్యాసంస్థలు భవనాలు కట్టుకోవడానికి గ్రాంటు బదులు అప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పు తీర్చాలంటే కాలేజీ ఎక్కడ తెస్తుంది? ఎక్కడ తెస్తుందో కూరగాయల బేరం తెలిసిన ఏ ఇల్లాలైనా చెప్పగలదు.

ఇంకో లెక్క నాకు భలే కోపం తెప్పిస్తుంది. మావారి ఫారం 16లో ఏటా ఒక గీత ఉంటుంది: ఆరోగ్య, విద్యా సెస్సు, 4 శాతం. విద్య పేరు చెప్పి విడిగా వసూలు చేస్తారు. ఉన్నత విద్య పేరుతో ఒక శాతం 2007లోనే కలిపారు. సెస్సు అన్నది కేంద్రం దగ్గరే ఉంటుంది, రాష్ట్రాలకి వాటా పంచనక్కర్లేదు. మన యూనివర్సిటీల్లో ఎక్కువ భాగం నడపాల్సింది ఎవరు? రాష్ట్రాలు. కోడలికి వంట అప్పజెప్పి, సరుకుల గది తాళం అత్తగారు కొంగున కట్టుకున్నట్టుంది వ్యవహారం.

జాతీయాదాయంలో 6 శాతం చదువుకి పెట్టాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. 1968 విద్యావిధానంలో రాసుకున్నారు. 1986లో రాసుకున్నారు. 2020లో మళ్ళీ రాసుకున్నారు. కేంద్రం, రాష్ట్రాలు కలిపినా ఇప్పటిదాకా ఆ ఆరు రాలేదు. అప్పటికి నేను పుట్టలేదు. ఇప్పుడు నా కూతురు ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది.

సరే, ప్రభుత్వం పెట్టని ఖర్చు ఏమవుతుంది? మిగిలిపోతుందా? అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ ఖర్చు ఎక్కడికీ పోదు. మనింటికి వస్తుంది. ఇంట్లోకి వచ్చాక తిన్నగా బీరువా దగ్గరకి వెళ్తుంది. మన బీరువాల్లో బంగారం ఈ దేశపు ఉన్నత విద్యా బడ్జెట్‌లో ఎవరూ రాయని పద్దు.

మా పాలావిడ సంగతే చెప్తాను. ఆ పిల్లకి కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని ధైర్యంగా చేర్పించారు. చదువు అయింది, క్యాంపస్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. తీరా సర్టిఫికెట్లకి వెళ్తే, చివరి విడతల డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదు, మీరు కట్టి తీసుకెళ్ళండి, అది వచ్చాక మీకు తిరిగిస్తాం అన్నారు కాలేజీ వాళ్ళు. అరవై ఐదు వేలు. ఉద్యోగంలో చేరడానికి పన్నెండు రోజులు గడువు. ఆవిడ గొలుసు తీసుకెళ్ళి కుదువ పెట్టింది. పసుపుతాడు కట్టుకుని పాలు పోయడానికి వస్తోంది. "ఏమ్మా, మీ ఆయనేమన్నాడు?" అంటే, "ఆయనేమంటాడమ్మగారూ, పిల్ల జీతమొచ్చాక విడిపించుకోవచ్చులే అన్నాడు" అంది. ఇదీ వదినగారి భాషలో "ఊరికే" రావడం.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోకండి. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిలు ఇస్తే తప్ప తెరవం అని తలుపులు మూసి కూర్చున్నాయి. ఏ పార్టీ వచ్చినా, ఏ రాష్ట్రంలో అయినా ఈ బకాయిల మాట పాతదే. ఆంధ్రలో 2021 నుంచి కొన్నాళ్ళు ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు, తర్వాత మళ్ళీ కాలేజీలకే అన్నారు. తల్లి ఖాతాలో పడినప్పుడు కొందరు వేరే ఖర్చులకి వాడేశారని ఆడవాళ్ళనే తిట్టారు, గుర్తుందా? ఆలస్యమైన విడతలకి అప్పు తెచ్చి కట్టిన తల్లుల గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

రీయింబర్స్‌మెంట్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దానిమీద నాకు వేరే ఫిర్యాదు ఉంది. 2008 ప్రాంతంలో అది మొదలయ్యాక ఎంతమంది ఇళ్ళలో మొదటి ఇంజనీరు పుట్టాడో నేను కళ్ళారా చూశాను, కాదనను. కానీ ప్రభుత్వం ఆ డబ్బు తన కాలేజీల మీద పెట్టకుండా ప్రైవేటు కాలేజీల చేతిలో పోస్తోంది. దేశంలో కాలేజీలు దాదాపు ఐదింట నాలుగు ప్రైవేటువే. మన యూనివర్సిటీల్లో అధ్యాపకుల పోస్టులు ఏళ్ళ తరబడి నింపరు, గెస్టు ఫ్యాకల్టీతో నెట్టుకొస్తారు. జర్మనీలో డబ్బు పిల్ల వెనకాల కాలేజీ కౌంటర్ దాకా నడిచి వెళ్ళదు. యూనివర్సిటీకే ముందుగా వెళ్తుంది. కాబట్టి ఆ పిల్ల సర్టిఫికెట్ పట్టుకుని "మీ సర్కారు ఇవ్వలేదు" అనేవాడు అక్కడ ఉండడు. ఖర్చు ఎంత అన్నది ఒక ప్రశ్న అయితే, ఎవరి చేతికి, ఎప్పుడు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అని నాకు పాలావిడ మెడ చూశాక అర్థమైంది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నిజాయితీ అనిపించుకోదు. నేను 1996లో ఎంసెట్ రాశాను. అప్పట్లో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అని ఉండేవి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన పద్ధతి అది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ మీద వేసిందే. నాకు ఫ్రీ సీటుకి కొద్దిలో ర్యాంకు తప్పింది, పేమెంట్ సీటు వస్తుంది. మా నాన్న రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "దీనికి కడితే నీ పెళ్ళికి ఏం పెట్టను తల్లీ?" అన్నారు. నేను బీఎస్సీలో చేరాను, ప్రభుత్వ మహిళా కాలేజీలో. రెండేళ్ళ తర్వాత మా తమ్ముడికి నాకంటే వెనక ర్యాంకు వచ్చింది. వాడికి పేమెంట్ సీటు కొన్నారు. అమ్మ వంకీ, నా కోసం చేయించిన రెండు గాజులు వెళ్ళాయి. మా తమ్ముడంటే నాకు ప్రాణం, వాడు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. మా నాన్నని కూడా నేను తప్పు పట్టను. ఇద్దరికి కట్టే స్తోమత లేదు, ఒకరికే ఉంది. ఒకరికే ఉన్నప్పుడు ఆ ఒకరు ఎవరో మన ఇళ్ళలో ముందే నిర్ణయమై ఉంటుంది. అదే ఇద్దరికీ ఫీజు లేకపోతే, ఆయన ఆ రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయేవారు. నేనేమయ్యేదాన్నో, ఏమో.

ఇప్పుడు ఆడపిల్లలు బాగా చదువుతున్నారు. 2021-22 లెక్కల్లో కాలేజీ వయసు వాళ్ళలో చదివేవారి శాతం ఆడపిల్లలదే ఒక ముక్క ఎక్కువ, 28.5, మగపిల్లలది 28.3. సంతోషమే. కానీ ఏ చదువు, ఏ కాలేజీ అన్నది అడగండి. ఊళ్ళో ఉన్న డిగ్రీ కాలేజీ ఎవరికి, హాస్టల్ ఫీజు కట్టి పంపేది ఎవరికి? మీ ఇంట్లో, మీ అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో చూసుకోండి. నేను చెప్పక్కర్లేదు.

జర్మనీలో తల్లి సంగతి ఎలా ఉంటుందో మా వదినగారబ్బాయినే ఫోన్లో అడిగాను, తర్వాత మా అమ్మాయి చేత వెతికించి సరిచూసుకున్నాను. అక్కడ పిల్ల చదువుకుంటున్నంత కాలం, 25 ఏళ్ళ దాకా, ప్రభుత్వం తల్లిదండ్రులకి నెలనెలా పిల్లల భత్యం ఇస్తుంది. 2025లో అది నెలకి 255 యూరోలు. ఇంట్లో ఆదాయం తక్కువైతే బాఫోగ్ అని 1971 నుంచి ఒక పథకం ఉంది. అందులో సగం ఉచితం, సగం వడ్డీ లేని అప్పు. ఆ అప్పు కూడా 10,010 యూరోలు దాటి తిరిగి కట్టక్కర్లేదు. కట్టడం కూడా చదువు అయ్యాక కొన్నేళ్ళకి. మన దగ్గర విద్యారుణం వడ్డీ మీటరు మొదటి విడత ఇచ్చిన రోజునుంచే తిరుగుతుంది. మొత్తం పెద్దదైతే ఇల్లు హామీ పెట్టాలి. ఆ ఇంటి కాగితాల మీద సంతకానికి మాత్రం ఆడవాళ్ళని తప్పకుండా పిలుస్తారు.

ఇక వాళ్ళ డబ్బు సంగతి. అవును, వాళ్ళు మనకంటే ఎన్నో రెట్లు ధనవంతులు. అంత ఖర్చు మనం పెట్టలేం. నేను అడిగేది ఆ ఇరవై వేల డాలర్లు కాదు. వందలో ఒక్క రూపాయి కాస్తా రెండు ఎందుకు కాదు అంటున్నాను. ఆరు శాతం అని మనమే రాసుకున్న మాటకి అరవై ఏళ్ళు సరిపోలేదా అంటున్నాను.

జర్మనీలో అంతా పువ్వులబాటేనని కూడా అనుకోకండి. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవగానే, పదేళ్ళకే, పిల్లల్ని విడగొట్టేస్తారు, యూనివర్సిటీ దారి వేరు, పనివిద్య దారి వేరు. పదేళ్ళ పిల్లాడి భవిష్యత్తు తేల్చేయడం నాకు నచ్చలేదు. చదువుకున్న ఇళ్ళ పిల్లలే ఎక్కువగా మొదటి దారిలో పడతారట, ఎక్కడైనా అంతే. బయటి దేశాల పిల్లలకి కూడా ఆ ఉచితం తలుపు కొంచెం కొంచెం మూసుకుంటోంది. బాడెన్-వుర్టెంబర్గ్‌లో 2017 నుంచి మన పిల్లలకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 నుంచి 2,000 మొదలు 6,000 దాకా. అదీకాక వీసాకి ముందు ఏడాది ఖర్చులకని 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, మన డబ్బుల్లో పన్నెండు లక్షల దాకా. కాబట్టి "జర్మనీలో ఫ్రీ" అని కన్సల్టెన్సీ వాడు చెప్పగానే బీరువా తాళం తీయకండి. పన్నెండు లక్షలు చూపించగలిగిన ఇల్లే ఆ ఉచితం దాకా వెళ్తుంది. పాలావిడ కూతురు వెళ్ళదు.

అయినా మన పిల్లలు వెళ్తున్నారు. 2023-24లో అక్కడ చదివే మన దేశపు పిల్లలు 49 వేల పైచిలుకు, విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ళదే మొదటి స్థానం. ఎందుకు వెళ్తున్నారంటే, ఇక్కడ మంచి ఎంటెక్ సీటు గుప్పెడు మందికే, అమెరికా ఫీజు అందదు. వేరే దేశం తన జనం కోసం పెట్టుకున్న ఖర్చులోంచి మన మధ్యతరగతి పిల్లల్ని గట్టెక్కిస్తోంది. మనమేమో అదే పని మన ప్రభుత్వం పాలావిడ పిల్లకి చేస్తే, పులిహోర తింటూ, ధారపోయడం అంటున్నాం.

మరి నీ సంగతేమిటి అంటారా? చెప్తాను. మా అమ్మాయి కూడా జర్మన్ క్లాసులకి వెళ్తోంది. ఏ1 అయింది, ఏ2 మొదలుపెట్టింది. మన డిగ్రీలు పరిశీలించి ఏపీఎస్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి కాగితాలు సర్దుతోంది. బ్లాక్డ్ అకౌంట్‌కి ఆ మొత్తం ఎక్కడినుంచి అని మావారు, నేను పది రోజులుగా లెక్కలు వేస్తున్నాం. నిన్న రాత్రి నా నానుతాడు, పెళ్ళినాటి నాలుగు గాజులు బల్లమీద పెట్టాను. మావారు కాసేపు చూసి, "ఇంకో దారి చూద్దాంలే, లోపల పెట్టు" అన్నారు.

ఇంకా బల్లమీదే ఉన్నాయి. వదినగారూ, సాయంత్రం ఒకసారి వస్తారా? మీవాడి అకౌంట్ ఏ బ్యాంకులో తెరిచారో కనుక్కోవాలి. గోంగూర పచ్చడి కూడా సీసాకి ఎత్తి ఉంచాను, వాడికి పంపుదురుగాని.